క్రాకోవ్ నుంచి తెచ్చిన ఆకు

దెబోరా చెమటోడ్చి సాధించిన మొదటి గెలుపు స్కూల్ బస్సు లైసెన్సు. కారు లైసెన్సు అందరికీ ఉంటుంది, దాన్ని నేను లెక్కలో వేయను. ఇది పొడవాటి పసుపుపచ్చ బస్సు, వెనకంతా పిల్లలు, బయట ఈ ఎడారి ఊరు చాండ్లర్ ఎండ. ఆ బస్సు చేతికివ్వాలంటే ముందు ఒక పరీక్ష ఉంది. పరీక్ష పెట్టే ఆయన పక్కన నిలబడతాడు. మనం బస్సు చుట్టూ తిరుగుతూ ఒక్కో భాగాన్నీ చేత్తో చూపించి, దాని పేరు పైకి చెప్పి, అది బాగుందని ఎలా తెలుస్తుందో కూడా చెప్పాలి. అంతా ఇంగ్లీషులోనే. మా దెబోరాకు భాగాలన్నీ తెలుసు, నోరే తిరగలేదు. రెండుసార్లు తప్పింది. అప్పుడేం చేసిందంటే, సండే స్కూల్లో పిల్లలకు కంఠత వాక్యాలు నేర్పినట్టు తనకు తానే నేర్పుకుంది. గిన్నెలు తోముతూ బ్రేక్ ఛాంబరు, టై రాడ్డు, లీఫ్ స్ప్రింగు అని రాగం తీసేది.

"ఇదేం కీర్తనే తల్లీ, మన పాటల పుస్తకంలో లేదే?" అనేవారు వాళ్ళ అత్తగారు ఎస్తేరమ్మ గారు.

మూడోసారి పాసయింది. మన తెలుగు సంఘంలో స్కూల్ బస్సు నడిపిన మొదటి ఆడమనిషి ఆమె. నాకు తెలిసి ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరిలో కూడా.

దెబోరా మా అక్క కూతురు. నేను పాలకొల్లు దగ్గర పల్లెలో మిషను బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ చదువుతోనే మా ఊరి సంఘానికి ఇరవై ఏళ్ళు పెద్దగా ఉన్నాను. పెంకుల గుడికి స్లాబు వేయించాను, బోరింగు తెప్పించాను. ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నా, ఈ సంఘం కూడా నన్ను పెద్దల్లోనే కూర్చోబెట్టింది. మా ఇంట్లో పుట్టినవాళ్ళు పట్టిన పని వదలరని చెప్పుకోవడం నాకు మొదటి నుంచీ అలవాటు. అందుకే ఈస్టర్ సంచికకు మన సంఘస్థుల్లో ఒకరి గురించి రాయమన్నప్పుడు దెబోరా పేరే చెప్పాను. ఆమె మొదలుపెట్టిన తెలుగు సండే స్కూలు గురించి రాద్దామనుకున్నాను. కోవిడ్ రోజుల్లో బడులు మూతపడితే, అదే బస్సులో ఇంటింటికీ పిల్లల భోజనం పొట్లాలు పంచిన సంగతి రాద్దామనుకున్నాను. ఈలోగా తనే ఫోన్ చేసింది.

"మావయ్యా, నా గురించి రాస్తున్నావంటగా. ఆకు సంగతి రాస్తున్నావా?"

"అదెందుకమ్మా ఇప్పుడు?"

"అది లేకపోతే మిగతాది కూడా రాయొద్దు."

అందుకని రాస్తున్నాను. సంఘంలో కొత్తగా చేరినవాళ్ళకు ఏం జరిగిందో తెలియదు. తెలిసినవాళ్ళు తలో రకంగా చెప్పుకుంటున్నారు. నా సొంత మేనకోడలి గురించి ఇది నా చేత్తో రాయాల్సి రావడం నాకు తలవంపులే. అయినా సరే.

పోయిన ఏడాది మేము యెరూషలేము వెళ్ళాలనుకున్నాం. ఆ యాత్రకు వెళ్ళొచ్చినవాళ్ళు యొర్దాను నది నీళ్ళు సీసాలో పట్టుకొస్తారు, ఒలీవ నూనె తెస్తారు, పిడికెడు మట్టి తెస్తారు. మనవాళ్ళ ఇళ్ళలో టీవీ పక్కన ఆ సీసా లేని ఇల్లు తక్కువ. తీరా అక్కడి పరిస్థితులు బాగాలేక యాత్ర ఆగిపోయింది. టిక్కెట్లు ఇంకో ఊరికి మార్చుకోవచ్చన్నారు. దెబోరాతో పాటు బస్సు నడిపే బార్బరా అనే ఆవిడ ఉంది, వాళ్ళ నాయనమ్మది పోలండులోని క్రాకోవ్ నగరం. ఆవిడ చెప్పగా చెప్పగా దెబోరాకు ఆ ఊరి మీద మనసు పడింది. ఆదివారం ఆరాధన అయ్యాక లేచి సంఘం ముందు పెట్టింది.

"పోలండా? అక్కడ మనకేముందమ్మా?" అన్నారు మన పాస్టరు దైవాశీర్వాదం అయ్యగారు.

"వెయ్యేళ్ళ ఊరు అయ్యగారూ. రాజుల కోట ఉంది. పాత యూదుల పేట ఉంది. ఊరి బయట భూమి లోపల ఉప్పు గని ఉందట, అందులో ఉప్పుతోనే గుడి చెక్కారట."

"అన్నీ బొమ్మలు పెట్టే గుళ్ళేగా అక్కడ," అని ఎవరో వెనక నుంచి.

"చూడ్డానికే కదండీ, మొక్కడానికి కాదుగా."

అందరూ నవ్వారు. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న ఎస్తేరమ్మ గారు మాత్రం నవ్వలేదు. ఆవిడ చాలాకాలంగా ఆ యొర్దాను సీసా కోసం ఎదురుచూస్తున్నారు. "నా మోకాళ్ళతో నేనెలాగూ రాలేను. నీళ్ళు లేవు, నూనె లేదు. ఆ ఊరి నుంచి నాకేం తెస్తావే?" అన్నారు.

"ఉత్త చేతులతో రానత్తయ్యా. మీకే కాదు, సంఘమంతటికీ తెస్తాను."

పదిమందిలో ఇచ్చిన మాట అది. ఆ మాటే ఆమెను పట్టుకుంది.

అక్టోబరులో బడి సెలవులకు బయల్దేరాం. దెబోరా, భర్త జూడ్, హైస్కూల్లో చదివే కూతురు షారన్, నేను, ఇంకొందరు సంఘస్థులు. జూడ్ ఇక్కడే కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు, మాట తక్కువ మనిషి. ఆ లోటు తీర్చడానికి మాతో శ్యామ్‌సుందర్ ఉన్నాడు, నోరు మూస్తే నిద్రపోయాడని లెక్క.

క్రాకోవ్‌లో దిగేసరికి మా చాండ్లర్ ఒళ్ళు ఆ చలికి బిగుసుకుపోయింది. ఊరి నడిమధ్య పెద్ద చౌకు. చౌకులో ఎర్ర ఇటుకల గుడి, దానికి రెండు గోపురాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. గంట గంటకీ పొడుగు గోపురం పైనుంచి ఒకాయన బాకా ఊదుతాడు, రాగం మధ్యలో టక్కున తెగిపోతుంది. పూర్వం శత్రువులు వస్తున్నారని హెచ్చరిస్తూ ఊదుతున్నవాడికి గొంతులో బాణం తగిలిందట. అందుకని ఈనాటికీ అక్కడే ఆపేస్తారట.

"మన పాటల బృందానికి కూడా ఇలాంటి ఏర్పాటేదైనా ఉంటే బాగుండు," అన్నాడు శ్యామ్‌సుందర్. జూడ్ కూడా నవ్వాడు.

ఆ మూడు రోజులూ దెబోరాను చూసి నేను పొంగిపోయాను, ఆ మాట దాచను. గొడుగు పైకెత్తి పట్టుకుని ముందు నడిచేది. ట్రాము దిగేముందు చివరి సీటు దాకా వెళ్ళి చూసొచ్చేది, స్కూల్ బస్సులో పిల్లలెవరైనా నిద్రపోయారేమో చూసినట్టు. నది ఒడ్డున కొండ మీది కోటకు తీసుకెళ్ళింది, రాజుల సమాధులు చూపించింది. కొండ కింద ఇనుప డ్రాగను నోట్లోంచి నిజం మంట వస్తుంటే నేను చిన్నపిల్లాడిలా మళ్ళీ వచ్చేదాకా నిలబడ్డాను. యూదుల పేటలో పాత సమాజమందిరాల గోడల మీద హెబ్రీ అక్షరాలు చూశాం. నది దాటితే ఒక చౌకులో ఖాళీ కుర్చీలు, ఇనుపవి, దూరం దూరంగా. అక్కడి నుంచే యూదులను రైళ్ళకెక్కించి చంపడానికి తీసుకెళ్ళారని షారన్ చదివి చెప్పింది. అక్కడ శ్యామ్‌సుందర్ కూడా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ప్రతి సాయంత్రం హోటలు నుంచి ఎస్తేరమ్మ గారికి వీడియో కాల్.

"ఏం కొన్నావే?"

"అంబరు పూసల దండలు బాగున్నాయత్తయ్యా."

"నగలు మానేసి ఎన్నేళ్ళయిందో మర్చిపోయావా?"

"గుండ్రటి రొట్టెలున్నాయి, నువ్వులద్దినవి."

"వచ్చేసరికి రాయవుతాయి."

"రేపు ఉప్పు గనికి వెళ్తున్నాం. అక్కడ కొట్లో ఉప్పు పొట్లాలు అమ్ముతారట."

"కొట్లో ఉప్పు నాకెందుకే, కాస్ట్‌కోలో దొరకదా? ఆ గుడి ఉప్పు తే."

మర్నాడు గని. చెక్కమెట్ల మీద దిగుతూనే ఉన్నాం. మమ్మల్ని తిప్పి చూపించిన అమ్మాయి దారిలో మామూలు గోడలు చూపించి, కావాలంటే నాకి చూడండి, ఇక్కడంతా ఉప్పే అంది. శ్యామ్‌సుందర్ నిజంగానే నాకి, "సాంబారుకు సరిపోద్ది," అన్నాడు. చెక్కిన వాటిని మాత్రం ముట్టుకోవద్దని ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది. అందరం విన్నాం. దెబోరా కూడా వింది. వినపడనివాళ్ళకు తనే తెలుగులో మళ్ళీ చెప్పింది కూడా.

లోపల నేల ఉప్పు, గోడలు ఉప్పు, దీపాలకు వేలాడేవి ఉప్పు పలుకులు. ఇదంతా చెక్కింది శిల్పులు కాదట, గనిలో పనిచేసే కూలీలేనట. పెద్ద గుడికి వెళ్ళే దారిలో పక్కన చిన్న గది ఒకటి ఉంది. అందులో గోడ పొడుగునా ద్రాక్షతీగ. ఆకులకు ఈనెలు కూడా తీర్చి చెక్కారు. షారన్ దాన్ని ఫొటో తీసింది. నేను కాళ్ళు లాగి పెద్ద గుడిలో బల్ల మీద కూర్చుండిపోయాను. దెబోరా గుంపుకు వెనకాల ఉంది, ఎవరూ తప్పిపోకుండా.

ఆ ద్రాక్షతీగ గదిలోనే జరిగింది. తర్వాత తను నాకు చెప్పిన మాటలే రాస్తున్నాను: "గోడంతా ఉప్పే కదా, యొర్దానులో నీళ్ళు ముంచుకున్నట్టే అనుకున్నాను మావయ్యా. బస్సు తాళంచెవి ఆనించి కాస్త నొక్కాను. ఊడి చేతిలో పడింది. చూసుకుంటే గోడ పెచ్చు కాదు, ఆకు. అప్పుడైనా ఆ అమ్మాయిని పిలవాల్సింది. జేబులో వేసుకున్నాను."

జూడ్‌కి చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పలేదు.

తిరిగొచ్చాక ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యానికి లేచింది. ఆకును రోట్లో చిదిపి, పలుకులు చిన్న చిన్న జిప్ కవర్లలో వేసి తెచ్చింది. కాడ వైపు పెద్ద ముక్క అత్తగారికి ఉంచింది. "భూమి లోపల గుడిలో దొరికింది," అని చెప్పింది. దొరికింది అన్న ఆ ఒక్క మాట కోసం ఇప్పటికీ కుమిలిపోతోంది. అయ్యగారు ఆ రోజు ప్రసంగం పక్కనపెట్టి ఉప్పు మీదే గంటసేపు మాట్లాడారు. కవర్లు చేతులు మారాయి. కొందరు కళ్ళకద్దుకున్నారు, కొందరు అక్కడే నాలుక మీద వేసుకున్నారు. నేను నా కవరు బైబిలు సంచిలో దాచుకున్నాను. ఎస్తేరమ్మ గారు కోడలి నుదుటి మీద ముద్దు పెట్టుకున్నారు. ఆవిడ అలా చేయగా నేనెప్పుడూ చూడలేదు.

భోజనాల దగ్గర షారన్ తెర మీద ఫొటోలు వేసింది. కోట, బాకా గోపురం, డ్రాగను, నవ్వులు. తర్వాత ద్రాక్షతీగ. ఆ తర్వాత గని నుంచి తిరిగొచ్చేటప్పుడు అదే తీగ ముందు శ్యామ్‌సుందర్ చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో.

మాస్టర్స్ చదివే నిధి అని ఒక పిల్ల మన సంఘానికి వస్తుంటుంది. ప్లేటు చేతిలో పట్టుకుని అంది: "ఆంటీ, ఇప్పుడు అంకుల్ భుజం ఉన్న చోట, ఇందాకటి ఫొటోలో ఇంకో ఆకుంది కదా?"

"తేడాలు కనుక్కోండి ఆట మొదలైందిరోయ్," అన్నాడు శ్యామ్‌సుందర్.

షారన్ ముందు ఫొటో వేసింది. మళ్ళీ తర్వాతది. ముందుది. తర్వాతది. ఒకదాంట్లో ఆకు ఉంది. రెండోదాంట్లో ఆకు ఉండాల్సిన చోట తెల్లటి పచ్చి గాటు. ఒక్కొక్కరే తమ చేతిలో కవరు వైపు చూసుకున్నారు.

"అమ్మా," అంది షారన్, "నువ్వు దొరికింది అని చెప్పావ్ కదా."

దెబోరా పెరుగన్నం గరిటెతో నిలబడి ఉంది. "లేదు. నేనే విరిచాను," అంది.

తర్వాత ఎవరూ కేకలేయలేదు, అదే నాకు కష్టంగా అనిపించింది. కొందరు కవర్లు బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఎవరో "పోనిద్దురూ, ఒక్క ఆకే కదా" అన్నారు. ఆ మాట దెబోరాను ఇంకా ముడుచుకుపోయేలా చేసింది. సంఘం పెద్దగా నేను ఏదో ఒకటి అనాల్సిన చోటు అది. బైబిలు సంచిలోంచి కవరు తీసి, నేనూ బల్ల మీద పెట్టాను.

ఇంటికెళ్ళాక, జరిగిందంతా షారన్ నోట విని, ఎస్తేరమ్మ గారు మంచం మీద కూర్చుని కోడల్ని పిలిచారు. ఆరాధన నుంచి ఆవిడ భోజనానికి ఆగకుండా ముందే వచ్చేశారు. వచ్చీ రాగానే తన ముక్కలో సగం వేడినీళ్ళలో కరిగించి, మోకాళ్ళు ముంచుకున్నారు.

"ఆ కూలివాళ్ళు చెక్కుకున్న గుడిని నా కాళ్ళ నీళ్ళలో కలిపానే తల్లీ," అన్నారు. "నేను అడగబట్టేగా."

"మీరు ఉప్పు అడిగారత్తయ్యా. ఆకు అడగలేదు."

మిగిలిన సగం ముక్కను ఎస్తేరమ్మ గారు కొంగున తుడిచి ఇచ్చేశారు. దెబోరా దాన్ని దూదిలో చుట్టి ఒక డబ్బాలో పెట్టింది. సంఘం హాల్లో బల్ల మీద వదిలేసిన కవర్లలోని పలుకులు కూడా తెచ్చి అందులోనే వేసింది. బార్బరాకు కూడా తనే చెప్పింది. ఆవిడ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, "నువ్వు మా ఊరు చూసొచ్చావని నేను అందరికీ చెప్పుకున్నాను," అందట. అంతే.

ఆ వారం నుంచి సండే స్కూలు మానేసింది. పిల్లలకు దొంగతనం చేయకూడదని చెప్పాల్సిన రోజు వస్తుంది కదా మావయ్యా అంది. ఆరాధనలో తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుని, చివరి ప్రార్థన అవుతుండగానే లేచి వెళ్ళిపోయేది. మునుపు ఎవరైనా "దెబోరా గారు మీ మేనకోడలే కదండీ" అంటే నేను కాలరు సవరించుకునేవాణ్ణి. ఈ చలికాలమంతా ఆ ప్రశ్న వినపడకుండా పార్కింగ్ వైపు నడిచాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం జూడ్ నన్ను ఇంటికి రమ్మన్నాడు. వెళ్ళేసరికి మొగుడూ పెళ్ళాలు టేబుల్‌కి చెరో పక్క కూర్చుని ఉన్నారు, మధ్యలో ఆ డబ్బా.

"మావయ్యగారూ, మీరైనా చెప్పండి. తీసుకెళ్ళి ఇచ్చొస్తానంటోంది."

"ఇస్తే మంచిదేగా," అన్నాను.

"మంచిదే, కొరియర్ చేద్దాం అంటున్నాను. పేరు లేకుండా పంపిద్దాం. తనే వెళ్ళి నేనే విరిచానని చెబితే పోలీసుల్ని పిలిస్తే? కేసు బుక్ చేస్తే? ఇద్దరం సిటిజన్‌షిప్‌కి అప్లై చేసి ఉన్నాం. మేలో ఇంటర్వ్యూ. కేసంటూ ఉంటే తన అప్లికేషన్ రిజెక్ట్ చేయొచ్చు. స్కూల్ డిస్ట్రిక్ట్‌కి తెలిస్తే ఉద్యోగం కూడా పోవచ్చు."

"ఇంటర్వ్యూలో ఏమడుగుతారో మావయ్యకి చెప్పండి," అంది దెబోరా.

జూడ్ డబ్బాను కాస్త అవతలికి జరిపాడు.

"పట్టుబడకపోయినా ఎప్పుడైనా నేరం చేశావా అని అడుగుతారు మావయ్యా. చెయ్యెత్తి ప్రమాణం చేయించి మరీ అడుగుతారు. ఏం చెప్పను? దొరికింది అని చెప్పనా?"

"ఒక ఆకు కోసం ఇన్నేళ్ళ కష్టం..." అని మొదలుపెట్టి జూడ్ మొహం అటు తిప్పుకున్నాడు. "నేనూ వస్తాను అయితే."

"వద్దండీ. ఏదైనా అయితే షారన్ దగ్గర ఒకరైనా ఉండాలి. విరిచింది నేను. నేనే వెళ్తాను."

గని ఆఫీసు నంబరు షారన్ వెతికి పెట్టింది. స్పీకర్లో పెట్టి మాట్లాడుతుంటే అందరం విన్నాం. అవతల ఒకావిడ చివరిదాకా వింది. దెబోరా పేరు, స్పెల్లింగు అడిగింది. ముక్కను పొడిగా ఉంచమంది, మార్చిలో బడి సెలవుల వారం బుధవారం పొద్దున రమ్మంది. ఆ తర్వాత ఏం చేస్తారని దెబోరా అడిగితే, అది నేను చెప్పలేను అంది. గొంతులో కోపం లేదు, ఓదార్పూ లేదు.

పోయినసారి తీసుకున్న వీసా ఈ నెలాఖరు దాకా ఉంది. బడికి వసంతం సెలవులిచ్చారు. మొన్న వెళ్ళేముందు, ఆదివారం ఆరాధనలో, నెలల తర్వాత మొదటిసారి ముందుకొచ్చి నిలబడింది. సాక్ష్యం కాదు, ఒక్క మాట చెప్పుకుంటానంది. "దొరికింది అని మీకు అబద్ధం చెప్పాను. క్షమించండి. ఇచ్చేయడానికి వెళ్తున్నాను." అయ్యగారు ప్రార్థన చేశారు. కొందరు ఆమెన్ అన్నారు, కొందరు అనలేదు. అననివాళ్ళను నేను తప్పుపట్టను.

ఎయిర్‌పోర్టుకు నేనూ వెళ్ళాను. డబ్బా చేతిసంచిలో పైకి కనపడేలా పెట్టుకుంది.

"వాళ్ళకేం చెబుతావమ్మా?"

"విరిచానని చెబుతాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత వాళ్ళు చెబుతారు, నేను వింటాను."

ధైర్యం చెబుదామని నోరు తెరిచాను. మా వంశం గురించి ఎప్పుడూ చెప్పే నాలుగు మాటలూ నాలుక మీదికి రాలేదు. తల నిమిరి పంపించాను.

ఇది రాస్తున్నది బుధవారం. అక్కడ పొద్దు గుంకి ఉంటుంది. పిలిచినవాళ్ళను కలిసే ఉంటుంది. జూడ్ ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు, ఇంతవరకూ మోగలేదు. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి ఏం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. నాకు మాత్రం ఇంకా తెలియదు. కేసు పెట్టారో, వదిలేశారో, మే నెల ఇంటర్వ్యూ ఉంటుందో ఉండదో తెలియదు. నాకు తెలిసిందల్లా, వాళ్ళు పంపిస్తే, దెబోరా తిరిగి చాండ్లర్ చేరాల్సిన రోజు మార్చి 21, శనివారం.